ఏ తాళానికి ఆ తాళంచెవి

మనం నిద్రపోతున్నా మన కణాల్లో మరమ్మతు ఆగదు. ఎండ, పొగ, కణం తానే చేసే అచ్చుతప్పులు డీఎన్ఏను రోజూ దెబ్బతీస్తుంటే, కొన్ని ప్రోటీన్లు వెతికి సరిచేస్తుంటాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో, బగ్ కనిపించగానే ప్యాచ్ వేయడమన్నమాట! ఈ గుట్టు విప్పినందుకే లిండాల్, మోడ్రిచ్, సాంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

సరికాని తప్పులు కణం పెరుగుదలను అదుపుచేసే జన్యువుల్లో పోగుపడితే క్యాన్సర్ పుట్టవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఎప్పటి నుంచో వాడే సిస్‌ప్లాటిన్ డీఎన్ఏనే దెబ్బకొడుతుంది. చిక్కేమిటంటే, మరమ్మతు బాగా సాగే కణితి ఆ దెబ్బనూ సరిచేసుకుని బతికిపోగలదు.

కొత్త మందులు తప్పున్న చోటికే గురిపెడతాయి. ఈజీఎఫ్ఆర్ జన్యువులో తగిన మార్పుంటే జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ వంటి మాత్రలున్నాయి. ఈ మార్పు ఆసియావాసుల్లో, పొగతాగని రోగుల్లో ఎక్కువ. కేరాస్ జన్యువుకు మందే లేదని దశాబ్దాలపాటు అనుకున్నారు. అందులోని జీ12సీ మార్పుకు సోటోరాసిబ్‌ను 2021లో అమెరికా అనుమతించింది. అదే ఏడాది అనుమతించిన రెండో దేశం మన యూఏఈ!

ఇవి అందరికీ పనిచేయవు; పనిచేసినా కొన్నాళ్లకు కణితి కొత్త మార్పుతో తప్పించుకోవచ్చు. అందుకే మందుకన్నా ముందు జన్యుపరీక్ష ముఖ్యం. మనవాళ్లకు ఇక్కడ జబ్బు బయటపడితే, ఉద్యోగమో ఇన్సూరెన్సో పోయి వైద్యం మధ్యలో ఊరికి వెళ్లాల్సి రావచ్చు. అప్పుడు స్కాన్లతోపాటు జన్యుపరీక్ష రిపోర్టు, బయాప్సీ ముక్క భద్రపరిచిన మైనం బ్లాకు కూడా ఆసుపత్రిని అడిగి తీసుకెళ్లండి. అక్కడి డాక్టరు మొదటి నుంచి మొదలుపెట్టే పని తప్పవచ్చు. ఈ జబ్బులో వారాలు కూడా విలువైనవే.