పాలసీ అమ్మేటప్పుడు అడగని లైసెన్సు

ఫోన్లో కారు నంబరు కొడితే చాలు, నిమిషాల్లో పాలసీ వచ్చేస్తుంది. బండి ఏ సంవత్సరంది, ఎన్ని సీసీలు, కిందటేడు క్లెయిమ్ పెట్టారా, అడిగేవి ఇవే. నడిపేవాడికి లైసెన్సు ఉందా, ఉన్నది సస్పెండయిందా అని ఆరా తీసే నాథుడు ఉండడు. పర్సనల్ యాక్సిడెంట్ కవర్ దగ్గర మాత్రం ఒక చిన్న గడి ఉంటుంది, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉందని టిక్కు పెట్టమని. పెడితే నమ్మేస్తారు, డబ్బు కట్టించుకుంటారు. అదే పాలసీ మీద ఒక మనిషి చనిపోయి క్లెయిమ్ వస్తే, అదే కంపెనీ ఆర్టీఏ రికార్డు తెప్పిస్తుంది. సస్పెన్షన్ ఏ రోజున మొదలైంది, ఏ రోజుతో ముగిసింది, ప్రమాదం ఆ రెండింటి మధ్య పడిందా లేదా అని భూతద్దం పెట్టి చూస్తుంది. అమ్మేటప్పుడు లేని ఈ పట్టింపు చెల్లించేటప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇది మోసం. చట్టం అనుమతించిన మోసం.

మోటారు వాహనాల చట్టం, 1988, 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. ప్రభుత్వం ఇంత గట్టిగా పట్టుపట్టింది ఎవరికోసం? కారు ఓనరు కోసం కాదు. రోడ్డు పక్కన నడిచే మనిషి కోసం, సైకిలు మీద పనికి పోయే కూలీ కోసం. అయినా అదే చట్టం 150వ సెక్షన్లో కంపెనీలకు దొడ్డిదారి తెరిచి పెట్టింది. డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోయినా, అనర్హత కాలంలో బండి నడిపినా, మాకు బాధ్యత లేదని అవి వాదించుకోవచ్చు. ముందు తలుపు మీద బాధితుడి పేరు రాసి, వెనక తలుపు తాళం కంపెనీ చేతికిచ్చారు.

జిల్లా కోర్టులో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ వరండాలో ఒక పూట నిలబడి చూడండి. భర్తను పోగొట్టుకున్న మనిషి ఎఫ్ఐఆర్ నకలు, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఆయన జీతం కాగితం ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆమె చెప్పుకోవాల్సింది మూడు ముక్కల్లో అయిపోతుంది: బండి గుద్దింది, మనిషి పోయాడు, ఇంట్లో సంపాదించేది ఆయనొక్కడే. ఆ తర్వాత కేసు ఆమె చేతిలో ఉండదు. ఆర్టీఏ ఆఫీసు నుంచి జూనియర్ అసిస్టెంటును సాక్షిగా పిలవాలంటాడు కంపెనీ లాయరు. సమన్లు వెళతాయి. ఆ ఉద్యోగి బదిలీ అయ్యాడంటారు. వాయిదా. కొత్తాయన లైసెన్సు ఎక్స్‌ట్రాక్టు తెస్తాడు గానీ సస్పెన్షన్ ఉత్తర్వు తేడు. వాయిదా. ఉత్తర్వు వస్తే, అది డ్రైవరుకు అందిందా లేదా అన్న దగ్గర పేచీ. మళ్ళీ వాయిదా. ఆ లైసెన్సు సంగతి ఆమెకేం తెలుసు? రోడ్డు దాటేముందు ఎదురొచ్చే కారునాపి, బాబూ నీ లైసెన్సు చెల్లుతుందా అని ఆమె భర్త అడగాల్సిందా?

సుప్రీంకోర్టు ఉంది కదా అంటారు. ఉంది. 2004 జనవరిలో నేషనల్ ఇన్సూరెన్స్, స్వరణ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది: లైసెన్సు లేదని చూపిస్తే సరిపోదు, ఓనరు తెలిసో నిర్లక్ష్యంతోనో ఆ షరతు ఉల్లంఘించాడని కంపెనీయే రుజువు చేయాలి, రుజువు చేసినా సరే, ముందు బాధితులకు చెల్లించి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. కోర్టు భాషలో దీన్నే 'పే అండ్ రికవర్' అంటారు. మంచి తీర్పు. కానీ 'ఆదేశించవచ్చు' దగ్గర ఆగిన హక్కు హక్కు కాదు, దయ. ఆ దయ కోసం ప్రతి కుటుంబం మొదటి నుంచీ పోరాడాల్సిందే, కొన్ని కేసులు హైకోర్టు దాకా పోవాల్సిందే.

లైసెన్సు పేరు చెప్పి తప్పించుకోవాలన్న ఆరాటం ఎంత దూరం పోయిందో చూడాలంటే 2024 నవంబరు నాటి రంభాదేవి కేసు తీర్పు చదవండి. లైట్ మోటారు వెహికల్ లైసెన్సున్నవాడు 7,500 కిలోల లోపు రవాణా బండి నడపవచ్చా అన్న ఒక్క ప్రశ్నను బీమా కంపెనీలు ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాకా లాగాయి. నడపవచ్చంది కోర్టు. అలాంటి డ్రైవర్ల వల్లే ప్రమాదాలు పెరిగాయనడానికి ఆధారమైన లెక్కలేవీ తమ ముందు పెట్టలేదని కూడా చెప్పింది. కంపెనీల బాధ రోడ్డు భద్రత అయితే ఆ లెక్కలు ముందే తీసేవి.

తాగి నడిపి లైసెన్సు పోగొట్టుకున్నవాడికి మా ప్రీమియం డబ్బు ఎందుకు ధారపోయాలి అని కొందరు నిలదీస్తారు. కోపం న్యాయమైనదే, గురి తప్పింది. థర్డ్ పార్టీ డబ్బు వాడికి పోదు, వాడు చంపినవాడి పిల్లలకు పోతుంది. వాడి దగ్గర నుంచి ఎంత కఠినంగా వసూలు చేసినా నాకు అభ్యంతరం లేదు. 174వ సెక్షన్ కింద కలెక్టరు ఆ సొమ్మును భూమి శిస్తు బకాయి మాదిరిగా రాబట్టగలడు. ఆ అధికారం పట్టుకుని కంపెనీ ఓనరు వెంట పడాలి గానీ, దిక్కులేని కుటుంబాన్ని ఓనరు వెంట తరమకూడదు.

ఖరీదు సంగతి కూడా తేల్చాలి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్లలో 1,000 నుంచి 1,500 సీసీల కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. ఇరవై ఏళ్ళుగా ఒక్క చలానా లేని టీచరమ్మకూ అంతే, రెండుసార్లు బ్రెత్ ఎనలైజరుకు దొరికినవాడికీ అంతే. ఇంజన్ సైజు చూస్తారు గానీ స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషిని చూడరు. ట్రాఫిక్ ఉల్లంఘనలను బట్టి ప్రీమియం పెంచమని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వేసిన బృందమే 2021లో సిఫారసు చేసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడమంటే ఇదే: ప్రీమియం దగ్గర పట్టుకోవాల్సినవాణ్ణి వదిలేసి, శవం లేచాక ట్రిబ్యునల్లో పట్టుకుంటామంటున్నారు.

సస్పెండైనవాళ్ళకు కూడా ఒక మాట. లైసెన్సు సస్పెండైతే పాలసీ రద్దవదు. ఇంట్లో మరొకరు ఆ కారు నడిపితే బీమా ఉండి తీరాలి. కారు మూలన పడేశాం కదా అని రెన్యువల్ మానేస్తే, గడువు దాటి 90 రోజులయ్యాక నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అయిదేళ్ళు కూడబెట్టుకుంటే అది ఓన్ డ్యామేజీ ప్రీమియంలో సగం. సస్పెన్షన్ కాలంలో మీరే స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం కారు రిపేరుకు పైసా రాదు. మీరే పోతే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ సొమ్ము కూడా మీ భార్యాబిడ్డలకు దక్కదు. పట్టుబడితే 182వ సెక్షన్ కింద 10,000 జరిమానా వేరే. డ్రైవరును పెట్టుకునే ఓనర్లు జేబులోని ప్లాస్టిక్ కార్డు చూసి తృప్తి పడొద్దు. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే పరివాహన్ సైట్లో దాని స్థితి కనిపిస్తుంది. ఓనరు చూడగలిగినదాన్ని కోట్ల పాలసీలు అమ్మే కంపెనీ ఎందుకు చూడలేదు? లైసెన్సుల డేటా ప్రభుత్వం దగ్గరుంది, పాలసీల డేటా కంపెనీల దగ్గరుంది. రెండూ కలిపితే సస్పెన్షన్ పడిన రోజే ఓనరు ఫోనుకు హెచ్చరిక వెళుతుంది.

బ్రిటన్లో 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం 151వ సెక్షన్ ప్రకారం డ్రైవరుకు లైసెన్సు లేదన్న సాకుతో బాధితుడికి తీర్పు సొమ్ము ఎగ్గొట్టడం కుదరదు. మన చట్టం పుట్టిందీ ఆ ఏడాదే. మన పార్లమెంటు 2019లో ఆ చట్టాన్ని మళ్ళీ తెరిచింది. లైసెన్సు లేకుండా నడిపితే 500 ఉన్న జరిమానాను 5,000 చేసింది. 149వ సెక్షన్లోని పాత సాకులను 150వ సెక్షన్లోకి మోసుకొచ్చి, తాగి నడపడాన్ని కూడా వాటికి జోడించింది. అంటే తాగుబోతు గుద్ది చంపిన మనిషి కుటుంబం మీద మరో వాదన వాడుకోమని కంపెనీలకు రాసిచ్చింది. ఈసారి ఓట్లడగడానికి వచ్చే ఎంపీని ఆ రెండు సాకులూ బాధితుల విషయంలో ఎప్పుడు కొట్టేస్తారో అడగండి, తేదీ చెప్పమనండి.