మతి తప్పకముందే తెలిస్తే

‘బయోసెన్సర్’ అనే మాటకు నేను జీవసంవేదకం అని రాసుకుంటున్నాను. ఇంతకంటె సులువైన మాట మిత్రులకు తోస్తే చెప్పగలరు. పేరు కొత్తగా వినిపించినా వస్తువు పాతదే. చక్కెర వ్యాధి ఉన్నవారు వేలికొన నుండి చుక్క రక్తం తీసి చూసుకునే చిన్న యంత్రం జీవసంవేదకమే. దాని మూలసూత్రం 1962 నాటిది, లీలాండ్ క్లార్క్ చలవ. చక్కెరను పట్టే ఎంజైముకు బదులు, మెదడు క్షీణించేటప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీనును పట్టుకొనే ప్రతిరక్షకాన్ని ఎలక్ట్రోడుపై నిలిపితే, అది అంటుకున్నప్పుడు విద్యుత్తులో కలిగే మార్పును కొలవవచ్చు. చిక్కంతా మోతాదులో ఉంది. చక్కెర మిల్లీగ్రాములలో ఉంటే ఈ ప్రోటీన్లు పికోగ్రాములలో, అనగా గ్రాములో లక్షకోట్లవ వంతులలో ఉంటాయి. 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అల్జీమర్సుకు తొలి రక్తపరీక్షను అనుమతించింది. అదీ 55 ఏళ్లు దాటి, లక్షణాలు కనబడినవారికి, ప్రయోగశాలలో చేసేది.

ఇది ఆసిఫాబాదుకెందుకు అంటారేమో. నా ఉద్దేశంలో ఇక్కడికే ముందు రావాలి. జ్ఞాపకశక్తిని పరీక్షించే ప్రశ్నలు చదువునూ భాషనూ ఆశ్రయించినవి. తేదీ చెప్పమంటారు, వాక్యం రాయమంటారు, వందలో నుండి ఏడేసి తీసివేయమంటారు. బడి ముఖం చూడని గోండు వృద్ధురాలు చెప్పలేకపోతే అది వ్యాధా, చదువులేమియా? రక్తానికి గోండీ, తెలుగు, మరాఠీ, ఉర్దూ భేదం లేదు.

భాషల మాట వచ్చింది గనుక ఒకటి. హైదరాబాదు నిమ్స్‌కు చెందిన సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, డిమెన్షియా గల 648 మందిలో ఒకటికి మించి భాషలు మాటాడేవారికి లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనబడ్డాయి. నిరక్షరాస్యులలోనూ ఆ తేడా ఉంది. అంగడిలో మూడు భాషలలో బేరమాడే మావాళ్లకు ఇది మంచి మాటే. అయితే లక్షణం ఆలస్యమైనంత మాత్రాన వ్యాధి లేదని కాదు. బయటపడే సరికి లోపల చాలా దూరం నడిచి ఉండవచ్చు.

మాన్పే మందు లేనప్పుడు ముందు తెలిసి ఏం లాభమని వాదించేవారున్నారు. మాన్పే మందు లేని మాట నిజమే. కాని పొలం ఎవరి పేర రాయాలో, ఎవరి దగ్గర ఉండదలచారో ఆ మనిషే తన నోట చెప్పగలిగిన కాలం ఒకటుంటుంది. ‘ముసలాయనకు ఛాదస్తం’ అని నవ్వుకుంటూ ఆ కాలాన్ని మనం పోగొడుతున్నాం.

రోగి భాషలో కూర్చుండి చెప్పే మనిషి లేకుండా యంత్రాన్ని మాత్రం పంపుతామంటే నేను వద్దంటాను. ఒంటరి ముసలమ్మ చేతిలో ఫలితపు చీటీ పెట్టి పంపడం వైద్యమెట్లా అవుతుంది? గోండీ వచ్చిన ఆశా కార్యకర్తలకు ఈ వ్యాధి గురించి శిక్షణ ఇవ్వడానికి ఏ యంత్రమూ రానక్కరలేదు, ఈ ఏడే మొదలుపెట్టవచ్చు.