అడగని ప్రశ్న

మా పిన్ని ఆరేళ్ళపాటు నడుము నొప్పి అనే చెప్పింది. పక్క పిల్లల గదిలోకి మార్చుకున్నది. బాబాయి అది కోపమనుకున్నారు, తరువాత నిరాసక్తి అనుకున్నారు. కారణం మాత్రం అడగలేదు. అసలు సంగతి ఆసుపత్రిలో పరదా వెనుక తెలిసింది: గర్భసంచి జారింది.

"ఈ స్థితిలో ఆయన పక్కకు ఎలా వెళ్ళనే? చూస్తే అసహ్యించుకోరూ?" అన్నది ఆటోలో, నా వంక చూడకుండా. వ్యాధికన్నా ఈ భయమే ఆమెను ఎక్కువ బాధించిందని అప్పుడు అర్థమైంది.

కటి భాగంలోని అవయవాలను కండరాలు ఊయలలా కిందినుంచి మోస్తాయి. కాన్పులు, బరువులెత్తడం, వదలని దగ్గు, మలబద్ధకం, ముట్లుడగడం వాటిని బలహీనపరుస్తాయి. గర్భసంచో, మూత్రాశయమో యోనిలోకి దిగుతుంది. ఇందులో స్త్రీ సిగ్గుపడవలసినదేమున్నది?

ఈ మౌనం మా ఇంటిది మాత్రమే కాదు. తెలంగాణ సరిహద్దునే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్ బృందం రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో ఫలితాలు ప్రకటించింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉన్నది. అంతకుముందు పరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మందే.

వైద్యుడు పిన్నిని ఎంతమంది పిల్లలని అడిగాడు. "ఇక దానితో పనేముంది, తీసేద్దాం" అన్నాడు. దాంపత్యం గురించి ఒక్క మాట అడగలేదు. నా అభ్యంతరమంతా అక్కడే. 46 ఏళ్ళకే ఆ జీవితం ముగిసిందని ఎవరు నిర్ణయించారు? గర్భసంచి తీసినంతమాత్రాన వదులైన ఆధారాలు బిగుసుకోవు. కొన్ని శస్త్రచికిత్సల తరువాత యోని ఇరుకై కలయిక బాధాకరం కావచ్చు. ఒక పద్ధతిలోనైతే యోనిని దాదాపు మూసివేస్తారు. అందుకే ముందుగా అడగాలి. తేలికపాటి జారుడుకు కటి కండరాల వ్యాయామం ఉపకరిస్తుంది. లోపల అమర్చే రింగును కలయిక వేళ చాలామంది తీయనక్కరలేదు. కలయికవల్ల జారుడు సాధారణంగా ఎక్కువ కాదు. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే పిన్నికి ఆరేళ్ళు మిగిలేవి.

మరొక వైద్యురాలి వద్ద ఆమె రింగు పెట్టించుకున్నది. ఈసారి బాబాయి కూడా గదిలోకి వెళ్ళారు. బయటికి వచ్చి, "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

"మీరు అడిగారా?" అన్నది పిన్ని.

మీ ఇంట్లో ఎవరైనా నడుము నొప్పి అంటే, మాత్ర ఇచ్చి ఊరుకోకండి. ఇంకొక ప్రశ్న అడగండి.