లతీఫ్ గవర్నర్ మాత్రమే కాదు

ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ పరిచయం గవర్నర్ పదవితో మొదలుకావడం సబబు కాదు. గత సంచికలోని వ్యాసం ఆ పనే చేసింది. 1923లో హైదరాబాద్‌లో పుట్టి నిజాం కాలేజీలో చదివిన ఆయన 1942లో, పద్దెనిమిదేళ్లకే వైమానిక దళంలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో విమానాలు నడిపారు. దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వైపు వెళ్లిన సహచరులు రమ్మని పిలిచినా కదల్లేదు. 1971 యుద్ధకాలంలో ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల విభాగం చూశారు.

1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతి. సైన్యంలో జనరల్‌కు సమానమైన హోదా అది. ఆ కుర్చీలో కూర్చున్న తొలి ముస్లిం ఆయనే. అసలు చెప్పుకోవలసింది జాగ్వార్ యుద్ధవిమానాల సంగతి. పాతబడిన కాన్‌బెర్రా, హంటర్ల స్థానంలో, నేలకు బాగా దగ్గరగా ఎగురుతూ శత్రుభూభాగంలోకి చొచ్చుకుపోయే విమానం కావాలన్న బేరం ఏళ్ల తరబడి నానింది. ఒప్పందం ఆయన హయాంలోనే కుదిరింది. 1979లో అంబాలాలోని 14వ స్క్వాడ్రన్‌కు తొలి జాగ్వార్లు చేరాయి.

ఆయన అందుకున్న పరమ విశిష్ట సేవా పతకం ఊసే వ్యాసంలో లేదు. మహారాష్ట్ర గవర్నర్ పదవి, ఫ్రాన్స్‌లో రాయబారి ఉద్యోగం విశ్రాంత జీవితంలోనివి. 2018 ఏప్రిల్ 30న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

— ఒక పాఠకుడు, జహనుమా, హైదరాబాద్