పెట్టె ఎంచేది ఎవరు, వాడేది ఎవరు?

టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకోవడానికి ఒక పెట్టె కొనాలనుకున్నప్పుడు మన ఇళ్ళలో జరిగే తంతు దాదాపు ఒకటే. ఇంట్లోని ఇంజనీరుగారు నాలుగు రాత్రులు కూర్చుని ఎన్ని ట్యూనర్లు, ఎన్ని టెరాబైట్లు, నెలకు ఎంత అని లెక్కలు కట్టి, చివరకు ఒక దాన్ని తెచ్చి బిగిస్తారు. పగలంతా ఆ పెట్టెతో గడిపేది మాత్రం ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారో, తాతయ్యగారో. సాయంత్రం బడి నుంచి వచ్చి వాళ్ళ పక్కన చేరేది పిల్లలు. కొనే ముందు వీళ్ళని అడిగిన పాపాన ఎవరూ పోరు. అడగవలసింది ముందు వీళ్ళనే అని మా అభిప్రాయం.

తెలుగు బడి వారికి ఈ పెట్టెల గొడవ ఎందుకంటారేమో. కారణం గడియారంలో ఉంది. ఇండియాలో రాత్రి 9 గంటలకు వచ్చే కార్యక్రమం, అదే సమయానికి ఇక్కడ ప్రసారమైతే, మన డాలస్‌లో వేసవి వేళల ప్రకారం ఉదయం 10:30కి, చలికాలంలో 9:30కి వస్తుంది. అప్పుడు పిల్లలు బళ్ళో, మనం ఆఫీసులో. అమ్మమ్మగారు ఒక్కరే చూస్తారు. పిల్లలు ఇంటికి వచ్చేసరికి ఆవిడ చూడడం అయిపోతుంది, వాళ్ళు వాళ్ళ ఇంగ్లీషు కార్టూన్లు పెట్టుకుంటారు. ఒకే సోఫా మీద ఇద్దరూ ఉంటారు గానీ వాళ్ళ మధ్య మాట ఉండదు. ఆ కార్యక్రమాన్ని రికార్డు చేసి సాయంత్రం ఆరింటికి ఇద్దరూ కలిసి చూస్తే సంగతి వేరు.

మా దృష్టిలో ఈ పెట్టెలో అన్నిటికన్నా విలువైనది ఆపే మీట. సీరియల్లో ఎవరో "వియ్యంకుడుగారు వచ్చారు" అంటారు. పాప ఆపి, "వియ్యంకుడు అంటే ఏంటి అమ్మమ్మా?" అని అడుగుతుంది. "మీ నాన్నగారి నాన్న ఉన్నారు చూడు, ఆయన మీ తాతయ్యకి వియ్యంకుడు" అని ఆవిడ చెబుతుంది. ఇంగ్లీషులో దీనికి సరైన మాటే లేదు. ప్రత్యక్ష ప్రసారంలో అయితే "ఉండవే, తర్వాత చెబుతాను" అని ఆ ప్రశ్న అక్కడే పోయేది. ఆదివారం తరగతిలో మేము గంటన్నర చెప్పినా ఇలాంటి మాటలు పట్టుమని పది నిలబెట్టలేము.

ఇవన్నీ వీసీఆర్ రోజులలో ఎంత కష్టంగా ఉండేవో పాతవారికి తెలుసు. టీవీని 3వ ఛానల్లోనో 4లోనో పెట్టాలి, టైమరు నొక్కాలి, శాటిలైట్ పెట్టెను మనకు కావలసిన ఛానల్లోనే వదిలి వెళ్ళాలి. మధ్యలో ఎవరైనా ఛానల్ మారిస్తే టేపు నిండా వార్తలే. పైగా మార్చిలో, నవంబరులో ఇక్కడి గడియారాలు మారతాయి, ఇండియాలో మారవు కనుక చేత్తో పెట్టిన టైమరు ఒక గంట తప్పేది. 1999లో టీవో, రీప్లే టీవీ పెట్టెలు వచ్చాక కార్యక్రమం పేరు ఎంచుకుంటే చాలు, వేళ అదే చూసుకునే సదుపాయం దొరికింది. అయితే 2025లో టీవో సంస్థే పెట్టెల అమ్మకం ఆపేసింది.

ఇప్పుడు మన ముందున్న దారులు మూడు. శాటిలైట్ లేక కేబుల్ కంపెనీ ఇచ్చే డీవీఆర్ పెట్టె ఒకటి. ఇంటర్నెట్ ద్వారా టీవీ ఇచ్చే సంస్థలు తమ దగ్గరే దాచిపెట్టే రికార్డింగు రెండవది. మూడవది మన సొంత యాంటెన్నా, ట్యూనరు, హార్డ్ డిస్కు. ఈ మూడవది ఇంజనీర్లకు ప్రాణం. ఫైలు మన చేతిలో ఉంటుంది, నెల కిరాయి ఉండకపోవచ్చు. హెచ్‌డీ ప్రసారమైనా సాధారణంగా గంటకు 8, 9 జీబీకి మించదు కాబట్టి 1 టెరాబైటులో వంద గంటలకు పైగానే పడుతుంది. కానీ యాంటెన్నాతో వచ్చేవి ముఖ్యంగా స్థానిక ఛానళ్ళు. ఎంత ముచ్చటగా బిగించినా అమ్మమ్మగారి సీరియల్ అందులో రాకపోతే ఏం లాభం? తెలుగు కోసం కొనేవారు ముందు తమకు కావలసిన ఛానల్ ఎవరిస్తున్నారో, దాన్ని రికార్డు చేసుకోనిస్తున్నారో లేదో అడిగి, ఆ తర్వాతే టెరాబైట్ల మాట ఎత్తాలి. ఎన్నాళ్ళు దాస్తారో కూడా అడగండి. ఉదాహరణకు యూట్యూబ్ టీవీలో రికార్డింగు 9 నెలలే ఉంటుంది. కంపెనీ పెట్టె తిరిగి ఇచ్చేస్తే అందులోవన్నీ దానితోనే వెళ్ళిపోతాయి.

ఇక తగిలించడం. పెట్టె నుంచి టీవీకి ఒక్క హెచ్‌డీఎంఐ తీగ చాలు, చిక్కంతా రిమోట్లతోనే. పొరపాటున ఇన్‌పుట్ మీట తగిలి తెర నీలంగా మారితే, అల్లుడుగారు ఆఫీసు నుంచి వచ్చేదాకా పెద్దవాళ్ళు ఆ నీలం తెర ముందే కూర్చున్న ఇళ్ళు మాకు తెలుసు. ఫోన్ చేసి అడగడానికి మొహమాటం, ఇంకేదైనా నొక్కితే పాడవుతుందని భయం. అందుకని టీవీ సెట్టింగులలో సీఈసీ అనే సదుపాయం ఉంటే తెరిచి పెట్టండి (ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెడుతుంది). చాలా పెట్టెలతో అది కుదిరి, ఒకే రిమోట్‌తో రెండూ పనిచేస్తాయి. మిగతా రిమోట్లు సొరుగులో పడేయండి. మిగిలిన దాని మీద నాలుగు మీటలకు తెలుగులో చీటీలు అంటించండి. చూడడానికి బాగుండదని కొందరు ఇల్లాళ్ళు అంటారు గానీ, పెద్దవాళ్ళు ఉన్న ఆరు నెలలూ ఓర్చుకోవచ్చు.

యూట్యూబులో అన్నీ ఉండగా ఇదంతా ఎందుకని చాలామంది తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. అన్నీ ఉన్న మాట నిజమే. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది, మూడవదానికి తెలుగు పోయి ఇంకేదో వస్తుంది. చిన్నపిల్లలు ఒకే కథను ఇరవై సార్లు అడుగుతారు, మాటలు వంటబట్టేది ఆ ఇరవై సార్లలోనే. ఎంచి పెట్టుకున్న పది కార్యక్రమాలు అందుకు సరిపోతాయి.

ఇంట్లో పాత టేపులున్నవారు మాత్రం ఆలస్యం చేయకండి. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' వంటివి ఊళ్ళో ఎవరో రికార్డు చేసి పంపిన టేపులు ఎన్నో అటకల మీద ఉన్నాయి. అవి 625 గీతల పాల్ పద్ధతివి, అమెరికా వీసీఆర్‌లు 525 గీతల ఎన్‌టీఎస్‌సీవి. కాబట్టి రెండూ ఆడించే వీసీఆర్ కావాలి. ఫునాయ్ కంపెనీ 2016లో తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్‌లు రావడం లేదు, ఉన్నవాటినే వెతుక్కోవాలి. పసుపు, ఎరుపు, తెలుపు తీగలను ఒక చిన్న యూఎస్‌బీ పరికరానికి కలిపితే కంప్యూటరులోకి ఎక్కుతాయి. ఆ పరికరం పాల్ పద్ధతిని కూడా తీసుకుంటుందో లేదో కొనేటప్పుడు చూసుకోండి. ఎక్కించినవి ఇంట్లో చూసుకోవడానికే గానీ పంచిపెట్టడానికి కాదు. 1984లో ఇక్కడి సుప్రీంకోర్టు సోనీ బీటామాక్స్ కేసులో ఒప్పుకున్నది, ప్రసారాన్ని ఇంట్లో రికార్డు చేసుకుని తర్వాత తీరికగా చూడడం వరకే. హెచ్‌డీఎంఐ లోని కాపీ తాళాన్ని తప్పించే పరికరాల జోలికి కూడా పోవద్దు.

పెద్దవాళ్ళు వచ్చే వారం ముందే తీగలన్నీ బిగించేయండి. కానీ ఎలా వాడాలో మీరు నేర్పకండి, ఆ పని పిల్లలకు వదిలేయండి. "ఇది నొక్కితే ఆగుతుంది అమ్మమ్మా, ఇది నొక్కితే వెనక్కి వెళ్తుంది" అని వాళ్ళు తెలుగులో చెప్పవలసి వస్తుంది. రెండు మూడు రోజులు పడుతుంది.