ఏ చీర ఏ అరలో?

బట్టల కొట్టుకి వెళ్తే అడిగింది అడిగినట్టు తీసి చూపించడానికి ఓ మనిషి ఉంటాడు. "ఇది నేతదేనా, ప్రింటా?" అని నిలదీస్తే చీర తిరగేసి చూపిస్తాడు. ఇంటర్నెట్ దుకాణంలో ఆ మనిషి లేడు. చేత్తో తడిమి చూసే వీలూ లేదు. అక్కడ మనకి దారి చూపించాల్సినవి అరలే. అంటే, ఏ చీరని ఏ పేరు కింద పెట్టారన్నదే.

ఇదేదో కంప్యూటర్ వాళ్ల గొడవ, మనకెందుకులే అనుకోకండి. ఎంతోమంది ఆడవాళ్ల కష్టానికి విలువ కట్టేది ఆ అరలే.

పోచంపల్లి చీరనే తీసుకోండి. నూలుకి ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గమెక్కిస్తారు. అందుకే డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. రంగు రెండువైపులా ఒక్కలాగే ఉంటుంది. ఈ నేతకి 2005లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అదే డిజైన్‌ని మిల్లు గుడ్డ మీద అచ్చువేసిన చీరలూ ఉన్నాయి. అవి కొనడం తప్పేం కాదు, రోజూ కట్టుకోవడానికి నేనూ కొంటాను. కానీ రెంటినీ 'ఇక్కత్ చీరలు' అని ఒకే అరలో పక్కపక్కనే పెడితే? ఫొటోలో రెండూ ఒకటే. కనిపించే తేడా ధరొక్కటే. "ఇంత తక్కువకి దొరుకుతుంటే అంత పెట్టడం దేనికి?" అనే అనిపిస్తుంది ఎవరికైనా.

మరి నష్టం ఎవరికి? 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షల పైచిలుకు. వారిలో 25 లక్షల మందికి పైగా స్త్రీలే. ఆసు పోసీ పోసీ తల్లి పడుతున్న చేతినొప్పి చూడలేకే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ నొప్పి ఫొటోలో కనబడదు. అర పేరులోనైనా కనబడాలి కదా!

పట్టు సంగతీ అంతే. 'ఆర్ట్ సిల్క్'ని పట్టుచీరల్లో కలిపేస్తుంటారు. అక్కడ ఆర్ట్ అంటే కళ అనుకుని మురిసిపోయేరు, ఆర్టిఫిషియల్ అని అర్థం!

ఇవాళ ఇంట్లోంచే చీరలమ్మే అక్కాచెల్లెళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లకి నాదొక్క మాట. ముందు చీర ఎలా తయారయిందో దాన్నిబట్టి అరలు కట్టండి. చేనేత వేరు, మరమగ్గం వేరు, ప్రింటు వేరు. ఆ లోపల ఊరి పేరు చెప్పండి: గద్వాల, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ. రంగు, ధర, పెళ్లికా పేరంటానికా అన్నవి అరలు కావు, వెతుక్కునే గుర్తులు మాత్రమే. వాటికీ అరలు కడితే ఒక ఎర్రటి పెళ్లి పట్టుచీర మూడు చోట్ల ఉండాల్సొస్తుంది. ఒకచోటే పెడితే మిగతా రెండు చోట్లా వెతికినావిడ "లేదు కాబోలు" అని వెళ్లిపోతుంది. రెండేసి చీరల కోసం ఓ అర కట్టకండి. 'ఇతరములు' అనే మూట అసలే వద్దు. అందులో పడ్డ చీర అటకెక్కినట్టే.

కొనే మనకీ కొంత బాధ్యత ఉంది. చేనేత అని రాస్తే చేనేత గుర్తు ఉందేమో, పట్టు అని రాస్తే సిల్క్ మార్క్ ఉందేమో చూడాలి. సిల్క్ మార్క్ 2004 నుంచీ, చేనేత గుర్తు 2006 నుంచీ ఉన్నవే. గుర్తు లేకపోతే "ఇది మగ్గం మీద నేసిందేనా?" అని రాసి అడగాలి. పదిమంది అడిగితే పదకొండో ఆవిడ అడక్కముందే జవాబు అక్కడ రాసి ఉంటుంది.

తక్కువ ధరకి ప్రింటు చీర కొనుక్కునే హక్కు మనకుంది. తన నేత ప్రింటులో కలిసిపోకుండా అమ్ముకునే హక్కు నేసినావిడకీ ఉంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క అడ్డుపలకే. దాన్ని సరిగ్గా బిగిస్తే చాలు.