మలేసియాలో మన అడ్రసు ఎవరి చేతిలో?

జర్మనీలో ఇల్లు మారితే రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో కొత్త చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆస్ట్రియాలో గడువు మూడు రోజులే. మనవాళ్లకు ఇదో తలనొప్పి. అయితే ఆ కాగితం ఉండేది కూలీ పేరు మీదే. పని పోయినా అడ్రసు పోదు.

మలేసియాలో సంగతి వేరు. అక్కడి పౌరులు ఇల్లు మారితే మైకార్డులో చిరునామా మార్పించుకుంటారు. తాత్కాలిక పర్మిట్ మీద నిజామాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో పనికి వెళ్లినవాళ్లకు ఆ కార్డు రాదు. వాళ్ల పర్మిట్ ఒకే యజమానికి కట్టేసి ఉంటుంది. బస కూడా మామూలుగా ఆయన చూపించిందే. అంటే పనితోపాటు గూడు కూడా పోతుందన్నమాట.

ఈ బస గురించి చట్టం లేకపోలేదు. 1990లో ఎస్టేట్ల కోసం చేసిన కార్మికుల వసతి చట్టాన్ని 2019లో సవరించి మిగతా రంగాలకూ వర్తింపజేశారు. ద్వీపకల్ప మలేసియాలో అది 2020 జూన్ 1న అమల్లోకొచ్చింది. దాని ప్రకారం కూలీలను ఉంచే చోటుకు యజమాని కార్మిక శాఖ నుంచి వసతి సర్టిఫికెట్ తీసుకోవాలి. లేకుంటే 50 వేల రింగిట్ల దాకా జరిమానా. అదే ఏడాది నవంబరులో క్లాంగ్ ప్రాంతంలోని గ్లోవ్స్ ఫ్యాక్టరీ హాస్టళ్లలో కరోనా వేల మందికి అంటుకున్నాకగానీ ఆ ఇరుకు గదులు లోకం కంటపడలేదు.

మేం చెప్పేదేమంటే, సర్టిఫికెట్ ఉన్న బస అంటే సర్కారు లెక్కలో ఉన్న బస. అసలు చిక్కు లెక్కలో లేని చోటే. పర్మిట్ ఒక కంపెనీది, పని ఇంకో సైటులో, పడక రేకుల షెడ్డులో! తనిఖీ జరిగితే ముందు దొరికేది కూలీయే, ఏజెంటు కాదు.

2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల వీసా లేని ప్రవేశం ఇచ్చారు. ఆన్‌లైన్ అరైవల్ కార్డులో ఏదో హోటల్ అడ్రసు రాసి, 'అక్కడికెళ్లాక పర్మిట్ చేయిస్తాం' అనే ఏజెంట్లను నమ్మొద్దు. అది చూసి రావడానికే గానీ పని చేయడానికి కాదు. గడువు దాటి ఉంటే 10 వేల రింగిట్లకు తగ్గని జరిమానా, లేదా అయిదేళ్ల వరకు జైలు, ఒక్కోసారి రెండూ.

మరి చేయాల్సిందేమిటి? బసకు సర్టిఫికెట్ ఉందా అని అడగండి. పర్మిట్ నకలు, బస అడ్రసు, యజమాని ఫోన్ నంబరు ఇంటికి పంపండి. చోటు మారిన ప్రతిసారీ మళ్లీ పంపండి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి, యజమాని లాక్కోవడం అక్కడ నేరం. ఇబ్బంది వస్తే కౌలాలంపూర్‌లోని భారత హైకమిషన్‌కు గానీ, విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో గానీ చెప్పుకోవచ్చు. అక్కడ కూడా ముందు అడిగేది ఒక్కటే: మనిషి ఎక్కడున్నాడు? దానికి జవాబు ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి.